ఆకు అడుగున కాడల మీద నిలిచే గుడ్లను ఫోటో తీయడానికి మాక్రో లెన్స్ తప్పనిసరా?

ఆకు అడుగున వెంట్రుకకన్నా సన్నని కాడల మీద నిలిచి ఉన్న గుడ్లు ఫోన్‌లో మసక మచ్చలుగానే పడుతున్నాయని, చిన్న వస్తువులను బాగా దగ్గరగా తీసే ఖరీదైన మాక్రో లెన్స్ కొనక తప్పదా అని మీరు అడిగారు. తప్పదని నేను అనుకోను. అనంతపురం జిల్లాలోని మా చీనీ తోటలో ఇవే గుడ్లను కొన్నేళ్లుగా తీస్తున్నాను. నా ఫోటోలు లెన్స్ చాలక చెడినవాటికంటే గాలికి చెడినవే ఎక్కువ.

మీరు చూసినవి అల్లిక రెక్కల పురుగు గుడ్లు. తల్లి పురుగు ఆకు మీద ఒక జిగురు చుక్కను ఉంచి, పొట్ట చివరను పైకెత్తుతూ దానిని దారంలా సాగదీస్తుంది. ఆ దారం గాలికి గట్టిపడగానే కొసన గుడ్డు పెడుతుంది. చీమలకూ, ముందుగా బయటికొచ్చి ఆకలితో తిరిగే తోబుట్టువులకూ గుడ్డు సులభంగా అందకుండా ఈ ఏర్పాటు. కాబట్టి గుడ్డు ఒక్కటే స్పష్టంగా వచ్చి కాడ కనిపించకపోతే ఆ ఫోటోలో అసలు విశేషమే లేనట్టు.

వస్తువు ఎంత ఉందో కెమెరాలో చిత్రం పడే సెన్సార్ మీద అంతే పరిమాణంలో పడేంత దగ్గరికి వెళ్లినప్పుడు, లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/8 దాకా చిన్నది చేసినా స్పష్టత నిలిచే లోతు సుమారు ఒక మిల్లీమీటరే. ఆకు అంతమాత్రం కదిలినా గుడ్డు మసకబారుతుంది. రామగిరి కొండల మీద గాలిమరలు తిప్పే గాలి ఆషాఢంలో మా తోటనూ వదలదు కనుక, తెల్లవారుజామున గాలి పడి ఉన్నప్పుడే నేను వెళతాను. రెమ్మ పక్కన ఒక పుల్ల పాతి, బట్టల క్లిప్పుతో రెమ్మను దానికి పట్టిస్తాను.

ఎండ నేరుగా ఆకు మీద పడితే కాడ ఆకు రంగులో కలిసిపోతుంది. సూర్యుడు ఇంకా వాలుగా ఉన్నప్పుడు, వెలుగు గుడ్ల వెనుక నుంచి వచ్చేలా, వాటి వెనుక చెట్టు నీడ నల్లగా పడేలా మీరు నిలబడే చోటును మార్చుకుంటే, ప్రతి కాడా వెండి తీగలా మెరుస్తుంది. ఫోన్‌తోనైనా సరే, తెర మీద వేలు నొక్కిపట్టి ఫోకస్‌ను స్థిరపరచి, ఫోన్‌ను కొద్దికొద్దిగా ముందుకూ వెనక్కూ జరుపుతూ వరుసగా ఇరవై ముప్పై ఫోటోలు తీయండి. మార్చుకోగల లెన్స్ ఉన్న కెమెరా ఉంటే, 50 మి.మీ. లెన్స్‌కు మొత్తం 50 మి.మీ. ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (కెమెరాకూ లెన్స్‌కూ మధ్య బిగించే ఖాళీ గొట్టాలు) తగిలిస్తే అసలు పరిమాణం వస్తుంది. నేను వాడేది అదే.

 

దయచేసి ఆకును కోయకండి. మొదట్లో నేను ఒక ఆకును కోసి ఇంటికి తెచ్చాను. మరునాటికి అది ముడుచుకుపోయి, కాడలన్నీ ఒకదానికొకటి అంటుకున్నాయి. పేనుబంకను తినిపెట్టే పిల్లలను అలా పోగొట్టుకున్నందుకు నేను ఇప్పటికీ బాధపడతాను. ఆకుపచ్చగా ఉన్న గుడ్డు బూడిద రంగుకు తిరిగితే పిల్ల త్వరలోనే బయటికి వస్తుందని అర్థం. ఆ ఉదయం మరికొంత ముందుగా వెళ్లండి. పిల్ల కాడ వెంట ఆకు మీదికి దిగడాన్ని తీయగలుగుతారు.