అర మిల్లీమీటరు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం పదకొండు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆరో పేజీ దగ్గర విసుగొచ్చి పక్కన పెట్టేశాను. రెండోసారి తొమ్మిదో పేజీ దగ్గర ఆగిపోయాను. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఉత్తరాలకు నెలల తరబడి జవాబు రాయని నేను ఇవాళే కూర్చుని రాస్తున్నది అందుకే.

ముందు విసుగు సంగతి. 1990ల్లో మీ నాన్నగారు నడిపిన వీడియో గేమ్ దుకాణం, రూపాయి బిళ్ళలు, పిల్లలంతా ‘ముస్తఫా’ అని పిలుచుకున్న ఆట, ఇవన్నీ బాగున్నాయి. ఆయన కోసం ఇంట్లోనే ఆట బటన్లుండే కంట్రోల్ ప్యానెల్ చేయాలనుకోవడం ఇంకా బాగుంది. కానీ బటన్ల వైరింగుకు మూడున్నర పేజీలు ఇచ్చావు. ఏ తీగ ఎక్కడికి పోయిందో, 30 మిల్లీమీటర్ల రంధ్రాలు ఎన్ని తొలిచావో, ఒక్కటీ వదల్లేదు. తీరా అంచుల దగ్గరకు వచ్చేసరికి ‘ఆ తర్వాత అంచులకు టీ-మోల్డింగ్ కొట్టి పని పూర్తి చేశాను’ అన్నావు. గాడిలోకి దిగే కాడతో అంచును కప్పే ఆ పట్టీకి ఒక్క వాక్యం. చెక్కపని తెలిసిన పాఠకుడు అక్కడే నీ మీద నమ్మకం వదులుకుంటాడు.

ఇక తొమ్మిదో పేజీ. నాన్న కాసేపు ఆడారని, మడిచిన చొక్కా చేతులు మణికట్టు దాకా దించుకుని మళ్ళీ ఆడారని, చలేసిందేమో అనుకున్నానని రాశావు. మే నెలలో, విజయవాడలో, చలి ఎక్కడిదమ్మా?

నీ మూడో పేజీ తీసి చూసుకో. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అంచుకు సరిగ్గా నడిమధ్యన గాడి కోశానని గర్వంగా రాశావు. అంటే పై నుంచి 9 మిల్లీమీటర్ల దగ్గర. అయిదో పేజీలో పైన ఒక మిల్లీమీటరు సన్‌మైకా అతికించావు. ఇప్పుడు మొత్తం మందం 19. నువ్వు తెచ్చిన మోల్డింగ్ వెడల్పూ 19. లెక్క కుదిరినట్టే కనిపిస్తుంది. కానీ మోల్డింగ్ కాడ కూర్చునే గాడి పాత మధ్యలోనే, అంటే సన్‌మైకా పై నుంచి కొలిస్తే 10 దగ్గర, ఉండిపోయింది. కొత్త మధ్య తొమ్మిదిన్నర దగ్గర ఉంది. అందుకే మోల్డింగ్ అర మిల్లీమీటరు కిందికి జారి కూర్చుంది. పైన సన్‌మైకా అంచు అర మిల్లీమీటరు బయటే మిగిలింది. ట్రిమ్మర్‌తో కోసి వదిలేసిన సన్‌మైకా అంచు ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే నీ మణికట్టు దాని మీద ఒకసారి ఆనించు. మీ నాన్నగారు ఏమీ అనకుండా చొక్కా చేతులు దించుకున్నారు. నీ వ్యాసమంతా ఆ ఒక్క కదలికలో ఉంది. నువ్వు దాన్ని చూశావు, రాశావు, ఎందుకో తెలుసుకోకుండా తర్వాతి పేరాకు వెళ్ళిపోయావు.

అంచుల విషయంలో నేను మొండివాణ్ణి. దానికి కారణం ఉంది. మాది గూడూరు వైపు. మా అమ్మ అభ్రకం రేకులు చీల్చే పనికి వెళ్ళేది. సాయంత్రం అన్నం కలిపేటప్పుడు ఆమె వేళ్ళ కొసలు చూసేవాణ్ణి. సన్నటి గాట్లు, వాటి మధ్య మెరుపు. పచ్చడి కలిపిన రోజున ఎడమచేత్తో గరిటె పట్టుకుని కలిపేది. తర్వాత చాలా ఏళ్ళకు చదివాను, 1912లో అమెరికాలో డేనియల్ ఓకానర్, హెర్బర్ట్ ఫేబర్ అనే ఇద్దరు ఇంజనీర్లు విద్యుత్ పరికరాల్లో మైకాకు బదులుగా వాడేందుకు ఒక పదార్థం తయారుచేశారని, మైకాకు బదులు కాబట్టే దానికి ఫార్మైకా అనే పేరు వచ్చిందని. మన వడ్రంగులు సన్‌మైకా అనే షీటు ఆ వంశానిదే. అందులో అభ్రకం లేదు, రెజిన్‌లో ముంచి ఒత్తిన కాగితపు పొరలున్నాయి. అంచు మాత్రం అభ్రకంలాగే కోస్తుంది.

నాకు పని నేర్పిన మేస్త్రీ కళ్ళతో అంచు చూసేవాడు కాదు. పాత నైలాన్ చీర ముక్క ఒకటి జేబులో ఉంచుకునేవాడు. బల్ల పూర్తయ్యాక దాన్ని అంచు వెంట ఈ కొస నుంచి ఆ కొసకు లాగేవాడు. ఎక్కడైనా ఒక్క పోగు పట్టుకుంటే మళ్ళీ ఆకురాయి చేతికిచ్చేవాడు. ఒక హోటల్ కౌంటరుకు నాతో పదకొండుసార్లు రుద్దించాడు. ఆకురాయి పై నుంచి కిందికి, షీటు చెక్కకు అదుముకునే దిశలో మాత్రమే నడవాలి. వెనక్కి లాగితే రంగు పొర పెచ్చులుగా లేస్తుంది. సరిగ్గా పడితే రంగు కింద గోధుమ రంగు గీత ఒకటి, వెంట్రుకలా సన్నగా, అంచు పొడవునా ఒకే వెడల్పుతో తేలుతుంది. ఆ గీత తేలిందంటే అంచు పదును పోయినట్టు. నీ వ్యాసంలో నేను వెతికింది ఆ గీత కోసం.

దీన్ని నేను రాయలేదా అంటే రాశాను. 1980ల చివర్లో ఒక వారపత్రికకు చేతిపనుల శీర్షిక రాసేవాణ్ణి. పిల్లల చదువు బల్ల చేయడం మీద రాసిన వ్యాసంలో అంచుల గురించి రెండు పేరాలున్నాయి. అంచు పట్టీ ముందు అతికించి, చదును చేసి, ఆ తర్వాతే పై షీటు వేయాలని, అప్పుడు అతుకు పక్కకు పోతుందని, పైన చేతికి తగలదని, ఒలికిన నీళ్ళు లోపలికి దిగవని అందులో వివరించాను. సంపాదకుడు ఆ రెండు పేరాలూ తీసేసి, ఆ చోటులో ఒక సబ్బు ప్రకటన వేసుకున్నాడు. మిగిలినదాంట్లో ‘ఆకురాయి’ని ‘తగిన పరికరం’ అని మార్చాడు. రెండు నెలలకు ఒక తండ్రి నుంచి పోస్టు కార్డు వచ్చింది. మీరు చెప్పినట్టే బల్ల చేశాను, మా పాప మోచేతికి కోసుకుంది, ఎక్కడ తప్పు చేశానో చెప్పండి అని. ఆయన తప్పేమీ చేయలేదు. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆ సంపాదకుణ్ణి నేను క్షమించలేదు. ఇప్పుడు వీడియోల్లో బల్లలు చేసేవాళ్ళనూ చూస్తున్నాను. కోత నిదానంగా చూపిస్తారు, అంచు దగ్గరకు రాగానే సంగీతం పెంచి పరుగెత్తిస్తారు. నీ ఒక్క వాక్యం ఆ పరుగులోంచి వచ్చిందే.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. ముందు ప్యానెల్ బాగుచెయ్యి. ముందు వైపు మోల్డింగ్ నెమ్మదిగా ఊడదీయి. సన్‌మైకా పై అంచును ఆకురాయితో ఏటవాలుగా, ఆ అర మిల్లీమీటరు మేర తగ్గించు. తర్వాత సన్న ఉప్పుకాగితం. మోల్డింగ్ తిరిగి కొట్టేటప్పుడు రబ్బరు సుత్తి వాడు. మూలల్లో కాడకు చిన్న గంట్లు పెడితే ఉబ్బకుండా వంగుతుంది. రెండు కొసలూ కలిసే చోటు వెనక వైపు రానీ. ఇంకో ప్యానెల్ చేస్తే సన్‌మైకా ముందు అతికించు, గాడి తర్వాత కొయ్యి. 18 అని అమ్మిన ప్లైవుడ్ నిజంగా 18 ఉందో లేదో కొలిచి మరీ కొయ్యి.

ఆ పని చేసేటప్పుడు నీ చేతులకు తెలిసిందంతా రాయి. వైరింగు ఒక పేజీకి కుదించు. తొమ్మిదో పేజీలో ‘చలేసిందేమో’ కొట్టెయ్యి. నాన్నగారి మణికట్టు మీద గీత పడిందో లేదో అడగకు, ఆయన లేదనే అంటారు. అన్నం తినేటప్పుడు చూడు.

ఈ కవరులో నైలాన్ చీర ముక్క ఒకటి పెట్టాను. మేస్త్రీ వాడినది కాదు, మా ఇంట్లోదే. పోగు ఎక్కడా పట్టుకోకుండా ఈ కొస నుంచి ఆ కొసకు వచ్చిన రోజున ఆయన్ను మళ్ళీ ఆటకు కూర్చోబెట్టు. ఆ పేజీ నాకు పంపు.

శుభం.