ఫోను పాత ఓనర్‌కి వెళ్ళి ఉంటుంది

ప్రశ్న: ఉస్తాద్ గారూ, పోయినేడాది 2012 మోడల్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. మా వారి ఆఫీసులో అదే కారున్న ఒకాయనకి, ఎయిర్‌బ్యాగ్‌లో లోపముంది, మార్పించుకోండని కంపెనీ ఫోన్ చేసిందట. మాకు చేయలేదు. వారంటీ ఎప్పుడో అయిపోయింది. వెళ్తే ఎంత బిల్లు వేస్తారో! మా గల్లీ మెకానిక్ పుత్లీబౌలీ నుంచి తెచ్చి తక్కువలో బిగిస్తానంటున్నాడు. ఒకటే టెన్షన్.
- ఒక పాఠకురాలు, కొత్తపేట

జవాబు: ముందు ఆ పుత్లీబౌలీ బేరం ఆపించండమ్మా. నేనూ సామాన్లు అక్కడే కొంటాను. హెడ్‌లైటుకో బంపరుకో ఆ బజారును మించింది లేదు. ఎయిర్‌బ్యాగ్ అలా కాదు, లోపల మందుగుండు ఉంటుంది. గుద్దుకున్నప్పుడు అది అంటుకుని గ్యాస్ పుడితేనే సంచి ఉబ్బుతుంది. ప్రపంచమంతా వెనక్కి పిలిపించిన టకాటా (జపాన్ కంపెనీ) ఎయిర్‌బ్యాగుల్లో ఆ మందుగా వాడింది అమ్మోనియం నైట్రేట్. ఏళ్ళ తరబడి వేడి, తేమ తగిలి అది చెడిపోయింది. దాంతో మరీ జోరుగా పేలి, చుట్టూ ఉన్న లోహపు డబ్బా ముక్కలై మనుషులకి గుచ్చుకుంది. మే నెలలో మన ఎండకి నిలబెట్టిన కారు లోపల ఎంత కాగుతుందో మీకు చెప్పాలా?

బిల్లు గురించి భయపడకండి. లోపమున్న బండ్లను కంపెనీ ఇలా వెనక్కి పిలవడాన్ని రీకాల్ అంటారు. దానికీ వారంటీకీ సంబంధం లేదు. లోపం తయారీలోది కనుక సామానూ కూలీ రెండూ కంపెనీ ఖర్చే. మీరు ఎన్నో ఓనరైనా ఫరవాలేదు, రీకాల్ ఛాసిస్ నంబరును బట్టి ఉంటుంది. ఆర్సీ మీ పేరుకి మారినా కంపెనీ కంప్యూటర్లో పాతాయన ఫోన్ నంబరే ఉండి ఉంటుంది.

ఆర్సీలో ఉన్న, అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉండే ఛాసిస్ నంబరును కంపెనీ వెబ్‌సైట్లో రీకాల్ పేజీలో కొట్టి చూడండి. అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. అలా కనబడితే ఒకటో సున్నానో అనుకోండి. మోడల్ ఒకటైనంత మాత్రాన అన్ని బండ్లూ జాబితాలో ఉండవు. 2023 జనవరిలో మారుతి ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ (సంచిని ఎప్పుడు విప్పాలో చెప్పే పరికరం) మార్చడానికి పిలిచిన 17,362 కార్లూ దాదాపు అయిదు వారాల్లో తయారైనవే. అది మార్చేదాకా బండి నడపొద్దని కూడా చెప్పింది. మీ బండి జాబితాలో ఉంటే, దాని రీకాల్ వివరాల్లో ఆ మాట ఉందేమో చూడండి.

2021 ఏప్రిల్ నుంచి రీకాల్ చేయమని ప్రభుత్వమే ఆదేశించవచ్చు, కోటి రూపాయల దాకా జరిమానా కూడా ఉంది. అయితే అది ఏడేళ్ళ లోపు బండ్లకే. కంపెనీ తనంతట తాను పిలిస్తే మీలాంటి పాత బండికీ మారుస్తారు.

సామాను వచ్చిందో లేదో కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి కనుక్కున్నాకే వెళ్ళండి. జాబ్ కార్డులో (చేయాల్సిన పనులు రాసుకునే కాగితం) రీకాల్ పని విడిగా రాయించండి. ఏసీ క్లీనింగ్ చేద్దామా, అలైన్‌మెంట్ చూద్దామా అని తప్పకుండా అడుగుతారు (వాళ్ళ టార్గెట్లు వాళ్ళవి). అవి వద్దన్నంత మాత్రాన రీకాల్ పని ఆగదు. వచ్చేటప్పుడు సున్నా బిల్లు తీసుకుని, మీ ఫోన్ నంబరు ఎక్కించి రండి.