టైర్ల వారంటీ గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కారుకు నాలుగు టైర్లూ ఒకేసారి మార్పించబోతున్నావనీ, ఐదేళ్ల వారంటీ ఉంది కనుక ఇక దిగులు పడనక్కరలేదని డీలరు భరోసా ఇచ్చాడనీ రాశావు. ఆ ఐదేళ్ల మాట అబద్ధమేమీ కాదు. అయితే ఆ ఐదేళ్లూ దేనికి వర్తిస్తాయో అతను చెప్పలేదు, నీవు అడగలేదు. డబ్బు కట్టేలోగా అది తెలుసుకోవడం మంచిది కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

టైరుకు పూచీ పడేది సాధారణంగా టైరు తయారు చేసిన కంపెనీయే కానీ కారు కంపెనీ కాదు. కొత్త కారుతో పాటు వచ్చిన టైర్లకు కూడా చాలావరకు ఇదే పద్ధతి. వారంటీ అని అందరూ ఒకే మాటతో పిలిచేదానిలో నిజానికి మూడు వేర్వేరు హామీలు ఉండవచ్చు. మొదటిది తయారీ లోపానికి సంబంధించినది, అంటే నేలను తాకే గాడుల భాగమైన ట్రెడ్ పొర దానంతట అది విడిపోవడం వంటి వాటికి. రెండవది టైరు ఇన్ని కిలోమీటర్లు నడుస్తుందన్న హామీ, ఇది అన్ని మోడళ్లకూ ఉండదు. మూడవది మేకులు, గుంతలు, రాళ్ల వల్ల జరిగే నష్టానికి ఇచ్చే రక్షణ. దీన్ని తరచుగా విడిగా డబ్బు కట్టి తీసుకోవలసి ఉంటుంది. డీలరు చెప్పిన ఐదేళ్లు బహుశా మొదటిదానికే. అందులోనూ ‘ఐదేళ్లు లేదా ట్రెడ్ అరిగిపోయే వరకు, ఏది ముందైతే అది’ అన్న వాక్యం ఉంటుంది. బాగా తిరిగే కారుకు ట్రెడ్డే ముందుగా అయిపోతుంది.

లోపం రుజువైనా కొత్త టైరు ఉచితంగా చేతికి వస్తుందని అనుకోకు. కొన్ని కంపెనీలు తొలినాళ్లలో పూర్తిగా మార్చి ఇచ్చినా, ఆ తరువాత నీవు వాడుకున్న మేరకు ధర తగ్గించుకొని మిగిలిన దానికే పరిహారం కడతాయి. ఆ లెక్క తెలిసి ఉంటే దుకాణంలో వాదన తప్పుతుంది. కొత్త టైరులో గాడి లోతు 8 మిల్లీమీటర్లు అనుకుందాం. గాడుల అడుగున అక్కడక్కడా అడ్డంగా చిన్న గట్లు కనిపిస్తాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. ట్రెడ్ అరిగి వాటితో సమానమైతే టైరు ఆయువు తీరినట్టే. కనుక వాడుకోదగిన రబ్బరు 8 కాదు, 6.4 మిల్లీమీటర్లు. లోపం బయటపడిన నాడు గాడి లోతు 4.8 ఉంటే, అందులో గట్టు ఎత్తు తీసివేయగా మిగిలేది 3.2, అంటే సరిగ్గా సగం. ఆ 4.8ని 8తో పోల్చి అరవై శాతం రావాలని పోట్లాడేవారు చాలామంది ఉంటారు. ఈ శాతాన్ని నీవు కొన్న ధరమీద కడతారా, ఆనాటి ధరమీద కడతారా అన్నది కూడా వారంటీ కాగితంలో చూసుకో. బిగింపు, బ్యాలెన్సింగ్, పన్ను సాధారణంగా నీ ఖర్చే.

ఇక క్లెయిములు ఎక్కువగా తిరస్కరణకు గురయ్యేది తనిఖీ బల్ల మీద. టైరును రిమ్ము నుండి ఊడదీసి లోపలివైపు చూసే మనిషికి అది ఎలా నడిచిందో చాలావరకు తెలిసిపోతుంది. రెండు అంచులూ అరిగి నడుమ మిగిలితే గాలి తక్కువగా నడిపినట్టు, నడుమ అరిగితే గాలి ఎక్కువైనట్టు, ఒక పక్కే అరిగితే వీల్ అలైన్‌మెంట్, అంటే చక్రాల అమరిక, తప్పినట్టు లెక్క. లోపల చుట్టూ రబ్బరు నలిగి పొడి రాలి ఉంటే గాలి దిగిపోయిన టైరు మీద బండిని నడిపారని అర్థం. టైరు పక్కభాగమైన సైడ్‌వాల్ మీద బుడిపెలా ఉబ్బు వస్తే అందరూ దాన్ని తయారీ లోపమనే అనుకుంటారు. కానీ చాలా సందర్భాలలో అది గుంత అంచునో ఫుట్‌పాత్ అంచునో గట్టిగా తగిలి లోపలి దారాలు తెగిన గుర్తు, ఆ దెబ్బ తగిలిన వారాలకు గానీ బయటికి కనపడకపోవచ్చు. దానికి మొదటి హామీ పనిచేయదు, మూడవదే కావాలి. కనుక ఎత్తు తక్కువ సైడ్‌వాల్ ఉన్న టైర్లతో గుంతల దారుల్లో తిరిగేవాడివైతే ఆ అదనపు రక్షణ కొనుక్కోవడమే మేలని నా అభిప్రాయం. ఎత్తైన సైడ్‌వాల్ టైర్లతో మంచి రోడ్ల మీదే తిరిగితే ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు.

కిలోమీటర్ల హామీ ఉన్న టైరు కొంటే దానికో షరతు ఉంటుంది. నిర్ణీత దూరానికి ఒకసారి, సాధారణంగా 8,000 నుండి 10,000 కిలోమీటర్లకు, ముందు టైర్లను వెనక్కీ వెనకవాటిని ముందుకూ మార్పించి ఆ రసీదులు దాచాలి. మార్పించినా రసీదు లేకపోతే మార్పించనట్టే. గాలి పట్టించేటప్పుడు డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉన్న అంకెనే పాటించు. టైరు మీద అచ్చువేసినది గరిష్ఠ పరిమితి మాత్రమే. టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొలిస్తేనే ఆ కొలత నమ్మదగినది.

పంక్చర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ట్రెడ్ భాగంలో చిన్న రంధ్రాన్ని లోపలి నుండి ప్యాచ్ వేసి సరిచేయవచ్చు, సైడ్‌వాల్‌కు మాత్రం మరమ్మతు చేయకూడదు. రోడ్డు పక్కన ఎవరో సైడ్‌వాల్‌లో దారం గుచ్చి పంపితే ప్రాణానికి ముప్పు, పైగా హామీ కూడా పోతుంది.

కొనే రోజున బిల్లు మీద నాలుగు టైర్ల సీరియల్ నంబర్లు, కారు తిరిగిన కిలోమీటర్లు రాయించుకో. బిల్లు పోతే గడువును తయారీ తేదీ నుండి లెక్కగట్టే కంపెనీలున్నాయి. ఆ తేదీ సైడ్‌వాల్ మీద నాలుగంకెలలో ఉంటుంది. 3523 అని ఉంటే 2023వ సంవత్సరం 35వ వారం అని అర్థం. కొన్నప్పుడే అది చూసి, మరీ పాత సరుకైతే వేరేవి తెమ్మని మొహమాటపడకుండా అడుగు.

ఎప్పుడైనా లోపం అనుమానం వస్తే ఆ టైరు మీద ఇక నడపకుండా స్టెప్నీ వేసుకొని, పాడైన టైరును పారేయకుండా అధీకృత డీలరు దగ్గరకు తీసుకువెళ్లు. కౌంటరు దగ్గర నోటిమాటగా కాదన్నంత మాత్రాన వెనక్కి రావద్దు. క్లెయిమ్ ఫారం నింపించి, తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకో. టైరును వారికి అప్పగించేలోగా ఫొటోలు తీసి ఉంచు, ఎందుకంటే పరిహారం ఇస్తే ఆ టైరు సాధారణంగా కంపెనీకే చెందుతుంది.

ఆశీస్సులతో,
మీ మామయ్య