బోర్డు పోలేదు, రంగులూ పోలేదు

ప్రశ్న: నమస్తే అండీ. మాది గుంటూరు బ్రాడీపేట. మా నాన్నగారు రిటైరైన ఫిజిక్స్ మాస్టారు. ఆయన పనిచేసిన స్కూల్లో పాత సామాను వేలం వేస్తుంటే ఒక బీబీసీ మైక్రో కంప్యూటరు కొనుక్కొచ్చారు. ఒకప్పుడు పిల్లలకు బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పింది దాని మీదేనట. వెనక ‘వీడియో అవుట్’ అని రాసి ఉన్నచోట వైరు పెట్టి, ఏవీ టు హెచ్‌డీఎమ్‌ఐ డబ్బా ద్వారా మా స్మార్ట్ టీవీకి కలిపాం. బొమ్మ వచ్చింది గానీ అంతా బ్లాక్ అండ్ వైట్, అక్షరాలు మసక. చూసిన మెకానిక్ బోర్డు పోయిందన్నాడు. అప్పట్నుంచీ నాన్నగారు దిగులుగా ఉన్నారు. ఇక పాత ఇనుము కొట్టుకి వేయాల్సిందేనా?

జవాబు: వేయొద్దమ్మా! బోర్డు పోలేదని ముందు నాన్నగారికి చెప్పండి. స్విచ్ వేయగానే బొంగురుగా ఒక మోత, ఆ వెంటనే సన్నగా ‘బీప్’ అని వస్తోంది కదా? తెర మీద పై వరసలో కంప్యూటరు పేరు, దాని కింద ‘బేసిక్’ అనే మాట, ఆ కింద ఒక బాణం గుర్తు కనబడుతున్నాయి కదా? అవి వస్తుంటే ప్రాసెసరూ మెమరీ చిప్పులూ పనిచేస్తున్నట్టే. బొంగురు మోత ఒక్కటే వచ్చి ఆగకపోతే అప్పుడు బోర్డును అనుమానించాలి.

మరి రంగులేవి? మీరు వైరు పెట్టిన ఆ గుండ్రటి బీఎన్‌సీ సాకెట్‌లో కంపెనీ నుంచి వచ్చేటప్పుడే రంగు ఉండదు. అది నలుపు తెలుపు మానిటర్ల కోసం పెట్టింది. కాస్త తర్వాతి బోర్డుల్లో ఎస్39 అనే లింక్ ఒకటి ఉంటుంది, దాన్ని కలిపితే రంగు వస్తుంది. కానీ ఆ పని చేయొద్దంటాను. ఈ మిషన్ వరసకు 320 చుక్కలు గీసేటప్పుడు ఒక చుక్క వెలిగి పక్కది ఆరితే ఆ సిగ్నల్ 4 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మన పాత రంగుల టీవీలు వాడిన పాల్ పద్ధతిలో రంగును మోసే తరంగం 4.43 మెగాహెర్ట్జ్. రెండూ ఒకే తీగలో పక్కపక్కన నడుస్తుంటే టీవీ అక్షరాల అంచుల్ని కూడా రంగనుకుంటుంది. తెల్లటి అక్షరం చుట్టూ ఎరుపూ నీలమూ పాకుతాయి. కళ్లు లాగేస్తాయి.

మీకు కావలసింది దాని పక్కనే ఉన్న ఆరు పిన్నుల సాకెట్, ఆర్‌జీబీ అని రాసి ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేటి తీగలో అవి వస్తాయి, గీత ఎక్కడ మొదలవ్వాలో చెప్పే సింక్ సిగ్నల్ ఇంకో తీగలో. ఒక్కో రంగు ఉంటే ఉంది, లేకపోతే లేదు, మధ్యస్థం అంటూ ఏమీ లేదు. అందుకే మొత్తం ఎనిమిది రంగులే. కలగాపులగం కావడానికి అక్కడ అవకాశమే లేదు. అయితే దీన్ని వీజీఏ మానిటర్‌కి నేరుగా కలిపితే బొమ్మ రాదు. ఇది సెకనుకు 15,625 గీతలు గీస్తుంది, మామూలు వీజీఏ మానిటర్ కనీసం 31 వేల పైచిలుకు అడుగుతుంది. మధ్యలో మార్చిపెట్టేది ఒకటి ఉండాలి. ‘ఆర్‌జీబీ టు హెచ్‌డీఎమ్‌ఐ’ అనే పేరుతోనే ఒక చిన్న బోర్డు దొరుకుతుంది, రాస్ప్‌బెర్రీ పై జీరో అనే బుల్లి కంప్యూటరు మీద నడుస్తుంది. మొదట ఈ బీబీసీ మైక్రో కోసమే తయారు చేశారు. ఒక్కో చుక్కను విడిగా చదివి హెచ్‌డీఎమ్‌ఐలో పంపుతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. ఆరు పిన్నుల డిన్ ప్లగ్గు మాత్రం విజయవాడ గవర్నర్‌పేటలో విడిభాగాల షాపుల్లో అడిగి చూడండి. ఆ సాకెట్‌లో ఒక పిన్నుకి 5 వోల్టులు వస్తాయి. సోల్డరింగ్ చేసేటప్పుడు అది పక్క పిన్నుకి తగలకూడదు. కలిపాక టీవీలో బొమ్మ ఆకారం 4:3 పెట్టండి, లేకపోతే అక్షరాలు అడ్డంగా సాగిపోతాయి.

ఇవన్నీ తర్వాత. దయచేసి ఇప్పటికైతే ఆ మిషన్ ఆన్ చేయడం ఆపండి. పవర్ సప్లై డబ్బాలో మెయిన్స్ దగ్గర ఒక ఫిల్టర్ కెపాసిటర్ ఉంటుంది, పసుపు రంగు గాజులా పైకి పారదర్శకంగా కనబడుతుంది. ఆ పైపెంకు ఏళ్లు గడిచేకొద్దీ నెర్రెలిస్తుంది. నెర్రెల్లోంచి మన కోస్తా తేమ లోపలికి దిగుతుంది. ఒకరోజు ఉన్నట్టుండి ఇల్లంతా కమురు వాసనతో పొగ కమ్ముతుంది. మంచి టెక్నీషియన్‌తో డబ్బా విప్పించి, మెయిన్స్ కరెంటు కోసమే చేసే ఎక్స్2 రకం కొత్త కెపాసిటర్ వేయించండి. మీరు విప్పొద్దు, ప్లగ్గు తీసేశాక కూడా లోపల కరెంటు నిలవ ఉంటుంది.

1984లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ ప్రాజెక్టు కింద మన దేశంలో స్కూళ్లకు ఇచ్చింది ఈ బీబీసీ మైక్రోలనే. కంప్యూటరును మొదటిసారి ముట్టుకున్న పిల్లల వేళ్లు ఆ మీటల మీద పడ్డాయి. వాళ్లకు నేర్పిన మాస్టారి ఇంట్లోనే ఒకటి ఇంకా బతికి ఉందంటే నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. నాన్నగారి చేత రంగుల్లో ఒక ప్రోగ్రామ్ రాయించి ఫొటో పంపండి.

ప్రశ్న: మా ఇంట్లో పాత సింక్లెయిర్ స్పెక్ట్రమ్ కంప్యూటరు ఉంది. యాంటెనా వైరు స్మార్ట్ టీవీకి పెడితే ‘నో సిగ్నల్’ అంటోంది. - ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: స్పెక్ట్రమ్ పాత దూరదర్శన్‌లాగే అనలాగ్ సిగ్నల్ పంపుతుంది, యూహెచ్‌ఎఫ్ 36వ ఛానెల్‌లో. టీవీ సెట్టింగుల్లో కేబుల్ కాకుండా యాంటెనా ఎంచుకుని, అనలాగ్ ఛానెళ్లను వెతికించండి. అలా వెతికే ఆప్షనే లేకపోతే మీ టీవీలో అనలాగ్ ట్యూనర్ లేదన్నమాట. అప్పుడు బొమ్మను ఛానెల్ సిగ్నల్‌గా మార్చే, లోపలున్న మాడ్యులేటర్‌ను పక్కనపెట్టి, టీవీ ఏవీ సాకెట్‌కి సరిపోయే కాంపోజిట్ సిగ్నల్‌ను నేరుగా బయటికి తీయించండి, చిన్న పనే. 48కె మోడల్ అయితే టీవీలోంచి శబ్దం రాలేదని టెన్షన్ పడకండి, స్పీకరు కంప్యూటరు లోపలే ఉంటుంది. అడాప్టర్ మారుస్తుంటే మాత్రం జాగ్రత్త. దీనికి 9 వోల్టులు కావాలి, ప్లగ్గు మధ్యలో నెగటివ్ ఉండాలి. ఇప్పటి అడాప్టర్లలో చాలావాటికి మధ్యలో పాజిటివ్ వస్తుంది. మీటరు పెట్టి చూసుకున్నాకే గుచ్చండి.