గ్రామసభలో దేవుడి మాట: యువ రచయితకు లేఖ

చిరంజీవికి,

రాజమహేంద్రవరం నుంచి ఆశీస్సులు. మీ ఊరి కాలువ గట్టు రోడ్డును వెడల్పు చేసే విషయమై జరిగిన గ్రామసభ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. కోతల కాలంలో ఆ గట్టు మీద ధాన్యం ట్రాక్టరుకు బడి బస్సు ఎదురుపడితే ఏమవుతుందో కళ్లకు కట్టినట్లు రాశావు. అయితే, గట్టు మీది అమ్మవారి గుడిని కదిపితే ఊరికి అరిష్టమని లేచి చెప్పిన ముసలమ్మను ఒక్క వాక్యంలో తోసిపుచ్చి, మతాన్ని సభ గుమ్మం బయటే వదిలి రావాలని ముగించావు. ఆ ముగింపు నాకు సమ్మతం కాదు.

ఆ నియమమే పెట్టుకుంటే కందుకూరి వీరేశలింగం గారిని కూడా గుమ్మం బయటే నిలబెట్టవలసి వస్తుంది. వితంతువుల పునర్వివాహాన్ని చట్టం 1856లోనే ఆమోదించింది. అయినా మా ఊళ్లో ఆయన మొదటి వితంతు వివాహం జరిపించగలిగింది 1881 డిసెంబరు 11న. అడ్డుపడినవారు శాస్త్రం పేరు చెప్పి అడ్డుపడ్డారు గనుక ఆయన శాస్త్రంతోనే తలపడ్డారు. భర్త మరణించినా, సన్యసించినా స్త్రీకి మరో భర్తను విధించిన పరాశర స్మృతి శ్లోకాన్ని, అంతకుముందు బెంగాలులో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ చూపినట్లే, ఆయన ఇక్కడి పండితుల ముందు పెట్టారు. అక్కడితో ఆగక, ఊహ తెలియని వయసులో వైధవ్యం ప్రాప్తించిన ఆడపిల్లల బతుకు ఎలా తెల్లవారుతోందో కూడా చెప్పారు. ఆ రెండో మాట తలకెక్కడానికి పరాశరుణ్ణి నమ్మనక్కరలేదు. ఆయన వాదానికి అసలు బలం అక్కడుందని నా అభిప్రాయం.

ఆ రెండో మాట లేకపోతే ఏమవుతుందో 1934 చెబుతుంది. ఆ జనవరి 15న బీహారులో భూకంపం వచ్చినప్పుడు, అది అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అని గాంధీజీ అన్నారు. అంటరానితనాన్ని ఆయనంతగానూ ద్వేషించిన రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ మాటను బహిరంగంగా ఖండించారు. ఇలాంటి వాదం గాంధీజీ ప్రత్యర్థులకే బాగా పనికివస్తుందని, ఆ భూకంపానికి కారణం ఆయనా ఆయన అనుచరులేనని వారూ అనగలరని హెచ్చరించారు. గాంధీజీ ఆ ఖండనను తన హరిజన్ పత్రికలోనే అచ్చువేసి, తన సమాధానాన్నీ ఇచ్చారు. నాకు ఠాగూరే సరిగా కనిపిస్తారు, ఎందుకంటే ఉద్దేశం ఎంత మంచిదైనా, ఎదుటివాడు పరీక్షించి కాదనడానికి వీలులేని కారణంతో అందరికీ వర్తించే నిర్ణయం చేయకూడదు. కానీ ఆయన గాంధీజీ నోరు నొక్కమనలేదు, జవాబు చెప్పారు. నువ్వు ముసలమ్మకు చేయవలసిందీ అదే.

ఇక్కడ ఒక గీత గీసుకో. సభలో ఎవరి మనసులోని మాట వారు, దేవుడి పేరుతో సహా, చెప్పుకోవచ్చు. పంచాయతీ తీర్మానంలో రాసే కారణం మాత్రం గుడికి వెళ్లేవారూ, చర్చికి వెళ్లేవారూ, మసీదుకు వెళ్లేవారూ, ఎక్కడికీ వెళ్లనివారూ తూచి చూసుకోగలిగినదై ఉండాలి, ఎందుకంటే ఆ రోడ్డుకయ్యే డబ్బు వారందరిదీ. రాజ్యాంగ సభలో 1949 అక్టోబరు 17న హెచ్.వి. కామత్ ప్రవేశికను దేవుని పేరుతో మొదలుపెట్టాలని సవరణ తెచ్చారు. అది 41కి 68 ఓట్లతో వీగిపోయింది. వ్యతిరేకించినవారందరూ నాస్తికులు కారు. విశ్వాసం విషయంలో బలవంతం తగదన్నది అక్కడ వినిపించిన అభ్యంతరం. అదే రాజ్యాంగం మూడో షెడ్యూలులో, దేవుని పేర ప్రమాణం చేయడానికీ, దేవుని పేరు ఎత్తకుండా దృఢంగా ప్రకటించడానికీ రెండు దారులూ ఉంచింది. ఎన్నికల్లో మతం పేరిట ఓటు అడగడం వేరే సంగతి. దాన్ని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం అక్రమ పద్ధతిగా లెక్కగట్టింది.

రాసేటప్పుడు ఎదుటివారి విశ్వాసాన్ని వారి మాటల్లోనే ఉంచు. ఆమె అమ్మవారు అన్నచోట నువ్వు సాంస్కృతిక వారసత్వం అని మార్చి రాస్తే ఆమెకు గౌరవం ఇచ్చినట్లు కాదు, ఆమె అనని మాట ఆమెకు అంటగట్టినట్లవుతుంది. అలాగే, నీ పక్షానికి అనుకూలంగా మాట్లాడిన పాస్టరు గారి బైబిలు వాక్యాన్ని నువ్వు మెచ్చుకోలుగా ఉదహరించావు. ముసలమ్మకు పెట్టిన పరీక్ష ఆయనకెందుకు పెట్టలేదు? విశ్వాసాన్ని బట్టి కొలత మారిస్తే చదువరి వెంటనే పసిగడతాడు, ఆ తరవాత నీ ట్రాక్టర్ల లెక్కనూ నమ్మడు.

ఈ వారంలో ఆమె ఇంటికి వెళ్లు. గుడిని కదపడం తప్పా, లేక మొక్కుబడులు తీర్చి శాస్త్రోక్తంగా వేరే చోట ప్రతిష్ఠించినా తప్పేనా అని అడుగు. పూజారినీ అదే అడుగు. గట్టుకు అవతలి వైపు స్థలం ఎవరిదో, రోడ్డును అటు జరపడానికి వీలుందో లేదో నీటిపారుదల శాఖవారిని విచారించు. తీర్మానం నకలు సంపాదించి, అందులో కారణంగా ఏం రాశారో ఉన్నదున్నట్లు వ్యాసంలో ఎత్తిరాయి. ఆ తరవాత రెండో ప్రతి పంపు.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి