దార్ ఎస్ సలామ్ ఉద్యోగం: మీ అబ్బాయి అక్కడ ఎవరికి పని నేర్పాలి?

ప్రశ్న: మాది భీమవరం. మా అబ్బాయి వయసు 24. బీకాం కంప్యూటర్స్ చదివి, రెండేళ్ళుగా ఇక్కడే ఒక రొయ్యల మేత డీలరు దగ్గర లెక్కలు చూస్తున్నాడు. టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో గృహోపకరణాలు దిగుమతి చేసుకుని టోకున అమ్మే ఒక భారతీయ కుటుంబ సంస్థ, అకౌంట్స్ కమ్ సేల్స్ ఉద్యోగం ఇస్తామంటోంది. నెలకు 700 డాలర్లు, గది, భోజనం, రెండేళ్ళకొకసారి విమాన టికెట్టు. ఏజెంటు లక్షన్నర అడుగుతున్నాడు. ముందు బిజినెస్ వీసా మీద వెళ్ళి చేరితే పర్మిటు అక్కడే చేయిస్తారట. ఆఫ్రికా అనగానే మా ఆవిడ భయపడుతోంది. పంపించవచ్చా? అక్కడి వ్యాపారం, సమాజం ఎలా ఉంటాయి?

జవాబు: ఏజెంటు చెప్పిన పద్ధతిలో మాత్రం పంపించకండి. ఈ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. ఉద్యోగాన్ని మాత్రం అంత తేలిగ్గా కాదనలేను. ఈ సలహాల వృత్తిలోకి రాకముందు నేను దార్‌లో ఒక టోకు వర్తక సంస్థ లెక్కల విభాగంలో నాలుగేళ్ళు పనిచేశాను. అక్కడ నేను చేసిన ఒక పొరపాటు మీ అబ్బాయి చేయకూడదన్న ఉద్దేశంతో ఈ జవాబు కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు వ్యాపారం సంగతి. మీరు చెప్పిన సరుకు అమ్మే సంస్థ ఏదైనా దాని జీవం దార్‌లోని కరియాకో బజారులోనే ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యానికి సామాను మోసిన క్యారియర్ కోర్ దళం పేరే స్వాహిలీ నోట కరియాకో అయింది. ఉతికే సబ్బు నుంచి ప్లాస్టిక్ బిందెల దాకా, ఫ్యాన్ల నుంచి ఫోన్ కవర్ల దాకా దొరకని వస్తువు లేని బజారు అది. మ్బెయా, మ్వాంజా వంటి దూరపు ఊళ్ళ వర్తకులే కాక జాంబియా, మలావీ, కాంగో, కొమొరోస్ దీవుల నుంచి కూడా సరుకు కోసం అక్కడికి వస్తారు. ఉదయం ఏడింటికి మ్బెయా వర్తకుడు దుకాణంలోకి వచ్చి కూర్చుంటే, మొదటి పది నిమిషాలు సరుకు మాటే ఎత్తడు. రాత్రి ప్రయాణం ఎలా జరిగింది, ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు, పిల్లల చదువులెలా సాగుతున్నాయి అని అటూ ఇటూ పలకరింపులు నడవాలి. తనకంటే పెద్దవాడైతే కుర్రవాడు ముందుగా ‘షికమో’ అనాలి, పెద్దాయన ‘మరహబా’ అని బదులివ్వాలి. ఈ మర్యాద దాటేసి నేరుగా పాత బాకీ అడిగినవాడికి బాకీ ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. ఎందుకంటే ఆ వర్తకానికి సాధారణంగా కాగితం మీద హామీ ఉండదు. మనిషి మీద నమ్మకంతోనే లారీ సరుకు అరువు మీద పోతుంది.

మీ అబ్బాయికి ఇది కొత్త కాదు. మేత అరువిచ్చి, చెరువు పట్టుబడి అయ్యాక వసూలు చేసుకునే డీలరు దగ్గర రెండేళ్ళు లెక్కలు రాసిన కుర్రవాడికి, ఏ రైతుకు ఎంతవరకు ఇవ్వాలో, ఎక్కడ చేయి బిగించాలో కొంతైనా తెలిసి ఉంటుంది. ట్యాలీ వచ్చినవాళ్ళు దార్‌లోనే వేలమంది దొరుకుతారు, ఈ అరువు తెలివి ఉన్నవాళ్ళు తక్కువ. ఇంటర్వ్యూలో చెప్పుకోవలసింది ఇదే. వసూళ్ళలో చాలా భాగం ఫోన్ ద్వారానే జరుగుతుంది. ఫోన్‌లోనే డబ్బు పంపుకునే ఎం-పెసా సేవ అక్కడికి 2008లో వచ్చింది. ఆ తరువాత ఒక కంపెనీ ఫోన్ ఖాతా నుంచి మరో కంపెనీ ఖాతాకు డబ్బు పంపే ఏర్పాటు ఆఫ్రికాలో అందరికంటే ముందు చేసుకున్న దేశాల్లో టాంజానియా ఒకటి. వీధి మలుపులో గొడుగు వేసుకుని కూర్చుని డబ్బు వేసే, తీసే మనిషిని ‘వకాలా’ అంటారు. మన వకాల్తాకు చుట్టం ఆ మాట. స్వాహిలీలో దుకాణం ‘దుకా’, ఇన్సూరెన్సు ‘బీమా’, లెక్కలు ‘హెసాబు’, ఆటో అయితే ఏకంగా ‘బజాజి’. భాష రాదేమోనన్న బెంగ అక్కర్లేదు. భాష నేర్చుకోకుండా కాలం గడిపేస్తాడేమోనన్న బెంగ మాత్రం మీకు ఉండాలి, ఎందుకంటే ఇంట్లో గుజరాతీ, ఆఫీసులో హిందీ, ఇంగ్లీషు మాట్లాడే యజమానుల మధ్య ఉంటూ ఆరేళ్ళ తరువాత కూడా స్వాహిలీలో ధర తప్ప మరేమీ చెప్పలేని మనవాళ్ళను నేను చూశాను.

ఇక లెక్కల మనిషికి సంకటం ఎదురయ్యే చోటు పన్ను. విలువ ఆధారిత పన్ను 18 శాతం. అమ్మకాలు నేరుగా పన్ను శాఖకు తెలిసేలా ఈఎఫ్‌డీ అనే రసీదు యంత్రాలను 2010 నుంచి దశలవారీగా తప్పనిసరి చేశారు. రసీదు ఇవ్వని వర్తకుడికీ, అడిగి తీసుకోని కొనుగోలుదారుడికీ జరిమానా ఉంటుంది. అయినా ‘రసీదుతో ఒక ధర, రసీదు లేకుండా ఒక ధర’ అన్న మాట బజారులో వినబడుతూనే ఉంటుంది. మన బజార్లలో వినని మాట కాదు కదా! వర్తకుల పక్షం కూడా చెప్పాలి. అధికారుల తనిఖీలు వేధింపులుగా మారాయని, ఓడరేవు దగ్గర సుంకం కోసం సరుకుకు కట్టే విలువకు ఒక పద్ధతి లేదని ఆరోపిస్తూ వాళ్ళు 2023 మేలోనూ, 2024 జూన్‌లోనూ దుకాణాలు మూసి సమ్మె చేశారు, 2023 సమ్మె అప్పుడైతే ప్రధానమంత్రే బజారుకు వచ్చి మాట్లాడవలసి వచ్చింది. మీ అబ్బాయి తెలుసుకోవలసిన విషయం ఒకటే. పన్ను శాఖకు చూపని రెండో లెక్కల పుస్తకం రాయమంటే రాయకూడదు. యజమాని ఆ దేశపు మనిషి, వకీలును పెట్టుకుని నెగ్గుకొస్తాడు. పర్మిటు మీద ఉన్న విదేశీ గుమాస్తాకు ఆ వెసులుబాటు ఉండదు.

దుకాణం బయటి మనుషుల గురించి కూడా కొంత చెప్పాలి, ఎందుకంటే మీ అబ్బాయి భవిష్యత్తు వాళ్ళతో ముడిపడి ఉంది. దుకాణం మెట్ల ముందే పట్టా పరిచి చెప్పులు, చొక్కాలు, చార్జర్లు అమ్మే కుర్రవాళ్ళను ‘మచింగా’ అంటారు. వాళ్ళలో చాలామంది పల్లె వదిలి వచ్చినవాళ్ళు, చదువుకుని కూడా ఉద్యోగం దొరకనివాళ్ళు ఉంటారు. పొద్దున్న దుకాణంలోంచే సరుకు తీసుకుని, అమ్మి, సాయంత్రం డబ్బు కట్టేవాళ్ళు వాళ్ళలో ఎందరో! అధ్యక్షుడు మగుఫులి వాళ్ళ జోలికి వెళ్ళవద్దని అధికారులను ఆదేశించి, 2018 చివర్లో 20,000 షిల్లింగులకు ఒక గుర్తింపు కార్డు ఇప్పించాడు. ఏడాదికి 40 లక్షల షిల్లింగుల లోపు అమ్ముకునేవారికి ఆ కార్డుంటే పన్ను బెడద ఉండేది కాదు. పెద్ద వర్తకులు కొందరు రసీదు తప్పించుకోవడానికి తమ సరుకునే మచింగాల చేత బయట అమ్మిస్తున్నారన్న ఆరోపణ అప్పుడే వచ్చింది. ఆయన 2021 మార్చిలో మరణించాక అదే ఏడాది చివర్లో కొత్త ప్రభుత్వం వాళ్ళను రోడ్ల మీద నుంచి కేటాయించిన స్థలాలకు తరలించింది. కొనేవాళ్ళు రాని చోట కూర్చోలేక చాలామంది మళ్ళీ రోడ్డెక్కారు.

ఇలా ఉద్యోగం లేని యువకులు నిండిన నగరంలో, ‘మా వాళ్ళు చేయగల పనికి విదేశీయుడెందుకు?’ అన్న ప్రశ్న సహజంగానే పుడుతుంది. భారతీయుల విషయంలో దానికి పాత చరిత్ర కూడా ఉంది. తొలి అధ్యక్షుడు జూలియస్ నైరేరే 1967లో అరూషా ప్రకటన అనే సోషలిస్టు విధానంతో బ్యాంకులను, పెద్ద పరిశ్రమలను జాతీయం చేశాడు. 1971లో అద్దెకిచ్చే భవనాలను కూడా ప్రభుత్వం తీసుకున్నప్పుడు నష్టపోయినవారిలో అధికులు భారత సంతతివారే, చాలామంది దేశం విడిచి వెళ్ళారు. తరువాత 1980లలో మార్కెట్టు తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి, ఉన్నవాళ్ళు నిలదొక్కుకున్నారు. కానీ ‘ముహిందీ’ (స్వాహిలీలో భారతీయుడు) అంటే గల్లాపెట్టె దగ్గర కూర్చునే మనిషి అన్న ముద్ర చెరగలేదు. 2025 జులైలో ప్రభుత్వం చిల్లర దుకాణాలు, ఫోన్ మరమ్మతులు, మొబైల్ మనీ ఏజెన్సీల వంటి 15 రకాల చిన్న వ్యాపారాలను విదేశీయులు చేయరాదని ఉత్తర్వు ఇచ్చింది. ఈసారి కరియాకోలో కోపం ఎక్కువగా చైనా వర్తకుల మీద. ‘నాలుగేళ్ళు ఉద్యోగం చేసి చిన్న కొట్టు పెట్టుకుంటాడు’ అని మీ ఏజెంటు ఆశ చూపించి ఉంటే, ఆ ఆశ వదులుకోండి.

ఉద్యోగానికి సంబంధించిన చట్టం 2015 నాటిది. స్థానికంగా ఆ నైపుణ్యం దొరకదని యజమాని చూపించాలి, విదేశీయుడి పనిని ఒక టాంజానియా పౌరుడికి నేర్పి అప్పగించే ప్రణాళిక కూడా దరఖాస్తుతోపాటు ఇవ్వాలి. ఎవరికి, ఏమిటి, ఎంత కాలంలో నేర్పుతారో అందులో ఉంటుంది. నేను అక్కడ ఉన్నప్పుడు దాన్ని మా సంస్థలో పర్మిటు కోసం నింపే కాగితంగానే చూశాం. నా పేరు పక్కన, ఫైనాన్స్ మేనేజ్‌మెంట్ చదివిన ఒక కుర్రవాడి పేరు రాశారు. అతను తెలివైనవాడే. కానీ దిగుమతి సరుకు ఖరీదు లెక్క, అంటే ఓడ కిరాయి, బీమా, సుంకం, రేవు ఖర్చులు అన్నీ పంచి ఒక్కో బిందెకు ఎంత పడిందో తేల్చే షీటు, నేను నా కంప్యూటర్‌లోనే పాస్‌వర్డ్ పెట్టి ఉంచుకున్నాను. అది అతనికి వచ్చేస్తే నా అవసరం తీరిపోతుందని లోపల భయం. లేబర్ అధికారి తనిఖీకి వచ్చి, నన్ను వదిలేసి, ఆ కుర్రవాణ్ణి పిలిచి, ఒక ఇన్వాయిస్ చేతికిచ్చి ఖరీదు కట్టమన్నాడు. అతను నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. నా పర్మిటు పొడిగింపు ఆగిపోయింది, మూడు నెలల్లో ఇంటికి వచ్చాను. నాతోపాటే చేరి, తన కింది మనిషికి చక్కగా నేర్పిన మరో తెలుగాయన అదే సంస్థలో మూడు దేశాల కొనుగోళ్ళు చూసే స్థాయికి వెళ్ళాడు. పని అప్పగించాడు కాబట్టే అతన్ని పైకి పంపడానికి యజమానికి వీలు కుదిరింది.

అందుకే ఈ ఉద్యోగం మంచిదా కాదా అని జీతం చూసి చెప్పలేను. గల్లాకు కాపలాగా, యజమాని నమ్మిన ‘మన మనిషి’గా కూర్చోబెట్టడానికి తీసుకుంటున్నారా, లేక సరుకు ఖరీదు, అరువు, వసూలు నేర్చుకుని మరొకరికి నేర్పే పని ఇస్తున్నారా అన్నదే తేడా. మొదటి రకమైతే రెండేళ్ళకు ఇంటికి రావడం ఖాయం, చేతిలో చెప్పుకోదగ్గ అనుభవం కూడా ఉండదు. ఉత్త బీకాం అక్కడ చెల్లుబాటయ్యే రోజులు పోయాయి. దార్ విశ్వవిద్యాలయం, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫైనాన్స్ మేనేజ్‌మెంట్ నుంచి ఏటా పట్టభద్రులు వస్తున్నారు, అకౌంటెంట్లను నమోదు చేసే ఎన్‌బీఏఏ అనే జాతీయ మండలి కూడా ఉంది. సీఎంఏ (కాస్ట్ అకౌంటెన్సీ) ఇంటర్ పూర్తిచేసి వెళితే మీ అబ్బాయి మాటకు బరువుంటుంది.

ఏజెంటు విషయం. బిజినెస్ వీసా 90 రోజుల రాకపోకల కోసం, ఉద్యోగం కోసం కాదు. లేబర్ శాఖ ఇచ్చే పని పర్మిటు వేరు, ఇమిగ్రేషన్ ఇచ్చే నివాస పర్మిటు వేరు. రెండూ కావాలి, రెండింటి ఖర్చూ యజమానిదే కావాలి. పర్మిటు లేకుండా పనిచేయడం ఉద్యోగికి కూడా నేరమే. మన ప్రభుత్వం కొందరికి ఎమిగ్రేషన్ క్లియరెన్సు (పని కోసం దేశం దాటేముందు తీసుకునే అనుమతి) తప్పనిసరి చేసిన 18 దేశాల్లో టాంజానియా లేదు, కాబట్టి మీ ఒప్పందాన్ని ఇక్కడ ఏ అధికారీ చదవడు, మీరే చదువుకోవాలి. విదేశాంగ శాఖ దగ్గర నమోదైన ఏజెంటు తీసుకోదగిన గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అతని నమోదు సంఖ్యను ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూడండి. లక్షన్నర అడుగుతున్నాడంటేనే సంగతి అర్థమవుతోంది.

700 డాలర్లు చేతికా, కోతలకు ముందా అని కూడా అడగండి. అక్కడ నెలకు పది లక్షల షిల్లింగులు దాటిన భాగం మీద ఆదాయపు పన్ను 30 శాతం, మీ అబ్బాయి జీతం ఆ గీత దాటుతుంది. సామాజిక భద్రతా నిధికి ఉద్యోగి వాటా 10 శాతం దాకా పోవచ్చు. డాలర్లలో రాసి షిల్లింగుల్లో ఇస్తే ఏ రోజు రేటో ఒప్పందంలో ఉండాలి. పాస్‌పోర్టు అతని దగ్గరే ఉండాలి.

అమ్మగారి భయం గురించి. దార్ మామూలు రోజుల్లో ఏ పెద్ద నగరం లాగే ఉంటుంది. రాత్రి వేళ ఒంటరిగా, వసూలు డబ్బుతో తిరగకూడదు, జ్వరం వస్తే మొదట మలేరియా పరీక్ష చేయించుకోవాలి. అయితే 2025 అక్టోబరు 29 ఎన్నికల రోజున అల్లర్లు జరిగి, ప్రాణాలు పోయి, దార్‌లో కర్ఫ్యూ పెట్టి, దేశంలో ఇంటర్నెట్ ఆపేశారు. అలాంటి రోజుల్లో ఇంటికి ఫోన్ కలవకపోవచ్చు. గదిలో వారానికి సరిపడా బియ్యం, పప్పు, కొంత నగదు ఉంచుకోమనండి. ఉద్యోగంలో చేరిన వారంలోనే దార్‌లోని భారత హైకమిషన్‌లో పేరు నమోదు చేసుకోమనండి.

ఇప్పుడు చేయవలసిన పని ఒకటుంది. మీ అబ్బాయి చేత ఆ సంస్థకు నేరుగా, ఏజెంటును పక్కనపెట్టి, ఒక మెయిల్ రాయించండి: పర్మిటు దరఖాస్తులో నా కింద ఏ స్థాయి ఉద్యోగిని చూపిస్తున్నారు, అతనికి నేను ఏ పనులు నేర్పాలి, అతను నేర్చుకున్నాక నాకు ఏ బాధ్యత ఇస్తారు? జవాబు రావడానికి పదిహేను రోజులు చూడండి. వస్తే దాన్నీ, ఆఫర్ లెటర్ నకలునూ నాకు పంపండి, చేతికి నికరంగా ఎంత వస్తుందో లెక్క వేసి చెబుతాను.