రిలీజులు నీ చేతికొచ్చాయటగా

అమ్మడూ,

ఆ సాఫ్ట్‌వేర్ లైబ్రరీకి, అదే, వేరే ప్రోగ్రాములు తెచ్చుకుని వాడుకునే ఆ కోడ్‌కి, ఇకమీదట రిలీజులు, అంటే కొత్త వెర్షన్లు, నువ్వే వెయ్యాలట, పాతాయన తప్పుకున్నాడట, ఆదివారం మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నువ్వేమో "మామయ్యా, కోడ్ రాయడం వచ్చు, రిలీజ్ అంటేనే టెన్షన్" అని ఒక్క ముక్క మెసేజ్ పెట్టి ఊరుకున్నావు. టెన్షన్ ఉండాల్సిందేలే. రిలీజ్ పెళ్లి శుభలేఖ లాంటిది, పంచేశాక ముహూర్తం తప్పు పడిందని తెలిస్తే పెన్ను పట్టుకుని ఇంటింటికీ తిరిగి దిద్దలేం.

నేను దిద్దబోయాను ఒకసారి. అంకెలకు మన లక్షలు, కోట్ల లెక్కలో కామాలు పెట్టే చిన్న లైబ్రరీ ఒకటి చూసుకునేవాణ్ణి. ఒక రాత్రి 1.4.0 వేసి, ఈ కోడే ఆ వెర్షన్ అని గుర్తుపెట్టే ట్యాగ్ కొట్టి పడుకున్నాను. పొద్దున్నే చూస్తే మైనస్ పన్నెండు వేలు "-,12,000" అని వస్తోంది, మైనస్ గుర్తును కూడా అంకె కింద లెక్కేసేశాను. ఇంకా ఎవరూ తీసుకుని ఉండరులే అనుకుని, ట్యాగ్ చెరిపేసి, సరిచేసిన కోడ్ మీద అదే నంబరుతో మళ్లీ కొట్టాను. రాత్రే తీసుకున్నవాళ్ల దగ్గర ఒకటి, పొద్దున తీసుకున్నవాళ్ల దగ్గర ఇంకొకటి, రెండూ 1.4.0లే! ఒకాయన బగ్ ఉందంటాడు, నా దగ్గర కనిపించదు, ఇంకొకాయనకు ఫైలు మారలేదని సరిచూసే చెక్‌సమ్ కలవక బిల్డే, అంటే ప్రోగ్రాం కట్టడమే, ఆగిపోయింది, రెండు వారాలు ఆ గొడవతోనే సరి. 1.4.1 అని వేసి ఉంటే పది నిమిషాల పని. నంబర్లకేం కరువు చెప్పు?

పైథాన్ భాష లైబ్రరీలను అందరికీ పంచే పైపీఐలో అయితే ఒకసారి ఎక్కించిన ఫైలును తీసేసినా, అదే పేరుతో మళ్లీ ఎక్కించనివ్వరు. మొదట్లో ఇదేం చాదస్తం అని విసుక్కున్నాను, ఇప్పుడు దండం పెడతాను. చెడిపోయిన వెర్షన్‌ను అక్కడ యాంక్ చెయ్యొచ్చు, అప్పుడు కొత్తగా వేసుకునేవాళ్లకు అది తగలదు, సరిగ్గా ఆ నంబరే కావాలని రాసిపెట్టుకున్నవాళ్లకు మాత్రం దొరుకుతుంది. తప్పు రిలీజ్ పడిందా, యాంక్ చేసి వెంటనే తర్వాతి నంబరు వెయ్యి.

మూడంకెల పద్ధతి నీకు తెలిసిందే, చివరిది పెరిగితే మరమ్మతు, మధ్యది పెరిగితే కొత్త సదుపాయం, మొదటిది పెరిగితే పాత కోడ్ పనిచెయ్యకపోవచ్చని హెచ్చరిక. చదవడానికి సుళువే. నేనొకసారి అంకె చివర అనవసరంగా పడుతున్న ఖాళీని తీసేసి, మరమ్మతే కదా అని చివరి నంబరు పెంచాను. ఆ ఖాళీని నమ్ముకుని బిల్లులో వరసలు కుదుర్చుకున్న ఒకాయన నాకు నాలుగు పేరాల మెయిలు రాశాడు. చదివి ఒళ్లు మండింది గానీ, తర్వాత ఆలోచిస్తే న్యాయం ఆయన వైపే ఉంది. నీకు బగ్ అనిపించింది వాళ్లకు అలవాటై ఉంటుంది, అనుమానం వస్తే పెద్ద నంబరే పెంచు.

అలాగని మొదటి అంకెను సరదాగా పెంచకు. పైథాన్ వాళ్లు 2008 డిసెంబరులో 3.0 తెచ్చారు, పాత కోడ్ చాలావరకు దాని మీద నడవదని చెప్పే తెచ్చారు. పైథాన్ 2కి సపోర్ట్ ఆపగలిగింది 2020 జనవరి 1న! అంత పెద్ద బృందానికే పదకొండేళ్లు రెండు పడవల మీద కాళ్లు తప్పలేదు. నువ్వేదైనా ఫంక్షన్ తీసెయ్యాలంటే ముందు ఒకట్రెండు రిలీజుల్లో అది వాడినప్పుడల్లా హెచ్చరిక కనిపించేలా చెయ్యి, బదులు ఏం వాడాలో ఆ హెచ్చరికలోనే రాయి, ఆ తర్వాత తియ్యి.

ఇక ఎప్పుడు వెయ్యాలి అంటావా. తారీఖు పెట్టుకో, "ఇంకో ఫీచర్ అయ్యాక" అనుకుంటూ కూర్చుంటే ఏడాది గడిచిపోతుంది. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ చూడు, రెండు వారాలు కొత్త కోడ్ తీసుకుని తలుపేసేస్తారు, తర్వాత వారానికో ఆర్‌సీ, అంటే పరీక్షించి చూడమని ముందుగా వదిలే వెర్షన్, మామూలుగా ఆర్‌సీ7 దాకా, అవసరమైతే 8, ఆ తర్వాత అసలు రిలీజ్. తొమ్మిది పది వారాలకు ఒకటి వస్తుందని అందరికీ తెలుసు కాబట్టి, ఈసారి తప్పిపోయినవాడు గొడవ పెట్టుకోడు, తర్వాతి బండి ఎక్కుతాడు. తారీఖు జరపాల్సి వస్తే మాత్రం ముందే చెప్పు. లైనక్స్ మీద కట్టిన ఉబుంటు సిస్టమ్ వాళ్లు 2006 ఏప్రిల్‌లో రావాల్సినదాన్ని ఇంకా మెరుగుపెట్టాలని జూన్‌కి జరిపారు, వాళ్ల నంబర్లలో ఏడాది, నెల ఉంటాయి కాబట్టి దాని పేరే 6.06 అయిపోయింది. ఎవరూ తిట్టుకున్నట్టు నాకు గుర్తులేదు.

ఒక విషయంలో మాత్రం నీకు మొహమాటం పనికిరాదు. 2024లో, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ సాఫ్ట్‌వేర్ సంగతి వినే ఉంటావు. 5.6.0, 5.6.1 రిలీజ్ టార్‌బాల్స్‌లో, అంటే పంచే కోడ్ మూటల్లో, దొంగ కోడ్‌ను నడిపించే ముక్క పెట్టారు, అందరూ చూసే కోడ్ ఉండే గిట్‌లో చూస్తే ఆ ముక్క లేదు. దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వితే బయటపడింది. దాన్ని చూసుకుంటూ అలసిపోయిన మెయింటైనర్‌కు సాయం చేస్తానంటూ వచ్చి, రెండేళ్లకు పైగా నమ్మకంగా పనిచేసిన ఖాతా నుంచే అది వచ్చింది. అందుకే నీ ల్యాప్‌టాప్‌లో కట్టిన ఫైలును ఎక్కించకు, ట్యాగ్ నుంచి సీఐలోనే, అంటే తనంతట తానే కట్టిపెట్టే సర్వర్‌లోనే, బిల్డ్ అయ్యేలా పెట్టు, ఏ స్టెప్ ఏం చేస్తోందో ఎవరైనా చూడగలగాలి. రిలీజ్ హక్కులు ఇంకొకరికి ఇవ్వు, ఒక్కదానివే మొయ్యకు, కానీ తొందరపెట్టేవాళ్లకు ఇవ్వకు.

రిలీజులో ఏం మారిందో చెప్పే చేంజ్‌లాగ్‌లో, కోడ్ మార్చినప్పుడల్లా మనకోసం రాసుకునే కమిట్ మెసేజులు దించి వదిలెయ్యడం నాకు ఒళ్లుమంట. వాడేవాళ్లకు ఏం మారింది, వాళ్లేం చెయ్యాలి, ఆ రెండూ రాస్తే చాలు. శుక్రవారం సాయంత్రం మాత్రం వెయ్యకు, శనివారం నీ సినిమా పోతుంది.

నెలాఖరుకి మొదటిది వేస్తావటగా, ముందు ఆర్‌సీ వదిలి వారం ఆగు. ఈలోపు చేంజ్‌లాగ్ నాకు పంపు, అర్థం కాని లైన్ల కింద గీతలు గీసి పంపిస్తాను.

మీ మామయ్య